ఎరుపు ఆరు

నాకు ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియదు. పుట్టుకతోనే అంతే. చిన్నప్పుడు మిరపచేలో పండుకాయలతో పాటు పచ్చికాయలూ కోసేస్తుంటే, మా నాన్న "కళ్ళు నెత్తికెక్కినయ్యారా?" అని వీపు విమానం మోత మోగించేవాడు. అవి నెత్తికెక్కలేదని, ఉన్నచోటే ఉండి పనిచేయడం లేదని అప్పటికి నాకూ తెలియదు. తెలిశాక ఎవరికీ చెప్పలేదు.

అడవి అంచున ఉన్న ఒక చిన్న దవాఖానాలో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేరాక మళ్ళీ అదే ఎదురొచ్చింది. గర్భిణుల పేర్లన్నీ ఎక్సెల్ షీట్లో ఉండేవి. గూడేలు తిరిగే నర్సు, అందరం అక్కా అని పిలిచే పెద్దావిడ, నెలకోసారి నా పక్కన కూర్చుని ఒక్కో పేరుకీ రంగు వేసేది. ఆకుపచ్చ అంటే భయం లేదు. ఎరుపు అంటే వాగులు పొంగకముందే భద్రాచలం పెద్దాసుపత్రికి చేర్చాల్సిన మనిషి. ఆ ఎరుపులు లెక్కపెట్టి అంబులెన్సు బండికి లిస్టు ఇవ్వడం నా పని.

నాకు కనిపించదని ఒప్పుకోవడం కన్నా, రెండు వారాలు కిందామీదా పడి ఎక్సెల్లో మాక్రో అనే చిన్న ప్రోగ్రాం రాయడమే సులువనిపించింది. బటన్ నొక్కితే అది ప్రతి గడి రంగు చదివి, ఎర్రగడులు ఎన్నో చెప్పి, ఆ పేర్లు వేరే షీట్లో పెడుతుంది. కంప్యూటర్‌కి రంగంటే ఒక నంబరు. నంబర్లు నాకూ కనిపిస్తాయి. డాక్టర్ గారు భుజం తట్టారు. అక్కయితే వచ్చినవాళ్ళందరికీ "మా తమ్ముడు మాయగాడు" అని చూపించేది. నేను నిజంగానే పొంగిపోయాను.

ఒక వానాకాలం మొదట్లో అక్క జ్వరాల క్యాంపుకి పోయే తొందరలో రంగులు వేసి వెళ్ళిపోయింది. నేను బటన్ నొక్కాను. ఎరుపు ఆరు అని వచ్చింది. బండి వెళ్ళి ఆరుగురినీ తీసుకుపోయింది.

ఏడో మనిషి వాగు అవతలే ఉండిపోయింది. ఒంట్లో రక్తం తక్కువ, తొలి కాన్పు. నొప్పులు మొదలయ్యేసరికి వాగు పొంగింది. మంచం మీద మోసుకొచ్చి ఒడ్డున ఆగిపోయారట. వాగు తగ్గాక మా దగ్గరికి తెచ్చారు. తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు. వరండాలో గోడకి ఆనుకుని కూర్చుంది. చీర ఎదమీద పాలతో తడిసి ఉంది. ఆ తడి నేను చూశాను.

డాక్టర్ గారు షీటు తెరిచిన మరుక్షణమే వేలు పెట్టి చూపించారు. "ఇగో, ఇది గూడ ఎరుపే గదా. ఎట్ల ఇడిసిపెట్టిన్రు?"

తొందరలో అక్క రంగుల పట్టీలో ఎరుపు పక్కనే ఉండే ముదురు ఎరుపు మీద నొక్కింది. దాని నంబరు వేరు, కాబట్టి మాక్రో దాన్ని వదిలేసింది. కళ్ళున్నవాళ్ళు ఎవరైనా షీటు ఒక్కసారి చూస్తే ఏడని చెప్పేవారు. ఆ రోజు నేనూ చూశాను. నాకది పచ్చగడుల్లో కలిసిపోయింది.

"నేనే రంగు తప్పు పెట్టిన సార్. తమ్ముడి లెక్కల తప్పు లేదు," అంది అక్క.

నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. నోరు తెరిస్తే ఉద్యోగం పోతుందని భయం. అంతకు మించిన కారణం ఏమీ లేదు. ఆమెకు మెమో ఇచ్చి పినపాక వైపు పంపేశారు. సామాను సర్దుకుంటూ "కండ్లు పోతున్నయేమో తమ్ముడు" అని నవ్వబోయి ఏడ్చింది. నేను సంచీ పట్టుకుని బస్సు దాకా వెళ్ళాను. దారి పొడుగునా మాట్లాడింది ఆమే.

మొన్న వానలు పట్టాక ఫోన్ చేసింది.

"తమ్ముడూ, నీ మాక్రో నాకు గూడ పంపియ్యవా? ఈడ అందరు షీటు చూసి చెప్పుమంటరు. చూస్తె తెలుస్తది గానీ, నా కండ్లను నేను నమ్ముతలేను."

ఆ దవాఖానాలో ఏడో మనిషిని ముందే చూసిన కళ్ళు ఆమెవే. వాటికి ఏ జబ్బూ లేదని చెప్పగలిగినవాణ్ణి ఈ లోకంలో నేనొక్కణ్ణే.

"అక్కా," అన్నాను.

"చెప్పు తమ్ముడు."

ఫోన్లో అటువైపు రేకుల మీద వాన పడుతోంది. రెండు ఎరుపులనూ పట్టుకునేలా సరిచేసి, రేపు పంపిస్తానన్నాను.