కత్తి పడని నాలుక

మా బావ చెంగయ్య నాలుకంటే చిత్తూరు చుట్టుపక్కల పేరు. ముప్పై ఏళ్లుగా బెల్లం వండే మనిషి. పాకం ఎప్పుడు దించాలో తెలియాలంటే అందరూ నీళ్లలో వేసి వేళ్లతో నలిపి చూస్తారు. ఈయన మాత్రం ఒక చుక్క నాలుక మీద వేసుకుని, కళ్లు మూసుకుని, ఇక దించమని చెయ్యి ఊపేవాడు. ఆ ఠీవి చూసి, నీ నాలుకకు వెండి తొడుగు చేయిస్తాం బావా అని నేను ఆటపట్టించేవాణ్ణి.

ఆ నాలుక అంచునే పుండు లేచింది. పాకం కాలిందిలే అని ఆరు నెలలు ఊరుకున్నాడు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. తిరుపతిలో డాక్టరు ముక్క తీసి చూసి క్యాన్సరన్నాడు. సగం నాలుక కోసేయాలి, దానికి ముందు ఒంట్లో ఇంకెక్కడైనా ఉందేమో పెట్ స్కాన్‌లో చూడాలి అన్నాడు. బావ దిగులంతా నాలుక మీదే. అక్క చంద్రకాంతమ్మ ఆసుపత్రి మెట్ల మీదే కొండవైపు తిరిగి, ఆపరేషన్ తప్పిస్తే తలనీలాలు ఇస్తానని మొక్కుకుంది.

స్కాన్‌కు మొదటిరోజు పోతే తిప్పి పంపారు. ఏమీ తినకుండా రమ్మన్నారు కదా, ఈయన పొద్దున్నే గానుగ దగ్గరికి పోయి మూడు బానల పాకం రుచి చూసి వచ్చాడు. అసలే షుగరున్న మనిషి. రక్తంలో చక్కెర చూసి, ఏం తిన్నావని అడిగితే ఏమీ తినలేదని ఒట్టు పెట్టాడు. ఆయన దృష్టిలో పాకం చూడటం తినడం కాదు మరి. నోటికొచ్చినట్టు తిట్టి, రెండు రోజుల తర్వాత మళ్లీ తీసుకుపోయాను.

చక్కెరలాంటి మందేదో నరంలోకి ఎక్కిస్తారు. జబ్బు ఉన్నచోట అది ఎక్కువగా చేరి వెలుగుతుంది. ఫలితం చెప్పేటప్పుడు అక్కను బయట కూర్చోబెట్టి మేమిద్దరమే లోపలికి పోయాం. తెర మీద బావ నిలువెత్తు బూడిదరంగు నీడలా ఉన్నాడు. తల లోపలి వెలుగు చూసి నేను హడలిపోతే, మెదడు అందరికీ అలాగే కనిపిస్తుందన్నాడు డాక్టరు. తర్వాత తుంటి ఎముకలోనూ ఊపిరితిత్తుల్లోనూ శనగ్గింజలంత చుక్కలు చూపించాడు. తుంటి నుంచి ముక్క తీసి పరీక్షకు పంపారు. వారానికి మళ్లీ మేమిద్దరమే లోపలికి పోతే అదే తేలిందన్నాడు. ఇక నాలుక కోసి లాభం లేదు, మందులతో నిలబెట్టి చూద్దాం, ఏడాది దాటితే అదృష్టమే అన్నాడు. స్కాన్ తీయకుండా కోసి ఉంటే ఉన్న ఆ కొన్నాళ్లూ మాటా ముద్దా లేకుండా పోయేవట.

బయటికి రాగానే బావ అక్కతో, ఆపరేషన్ అక్కర్లేదన్నారు, మందులు చాలన్నారు అని చెప్పాడు. అందులో ఒక్క అబద్ధమూ లేదు. అక్క సంతోషం పట్టలేక ఏడ్చేసింది. నాకు ఆయన మీద కోపమొచ్చింది. నోరు విప్పలేని నా మీద అంతకంటే ఎక్కువ కోపమొచ్చింది.

ఆ నీడ నన్ను వదల్లేదు. బావ ఎదురుగా కూర్చుని టీ తాగుతుంటే చొక్కా లోపల ఆ చుక్కలు వెలుగుతున్నట్టే ఉండేది. ఆయనతో మాట్లాడాలంటేనే భయమేసేది.

వారం తిరక్కుండా అక్క మమ్మల్ని కొండకు బయల్దేరదీసింది. ఘాట్ రోడ్డులో ఆమె కిటికీ వైపు తిరిగినప్పుడు బావ నా చెవి దగ్గరికి వంగాడు.

"మీ యక్క అడిగింది అడిగినట్టే ఇచ్చినాడప్పా సామి. ఆపరేషన్ తప్పించమనింది. బతికించమని అడగలా."



కల్యాణకట్ట నుంచి అక్క గుండుతో, గంధం పూసుకుని బయటికొచ్చింది. నడుము దాటే జడ ఉండేది ఆమెకు. ఆ తల చూస్తుంటే జరగబోయేది ముందే చూసినట్టయింది నాకు. ఆమె మాత్రం వెలిగిపోతూ, నా మొక్కు తీరింది, నీకేమన్నా కావాలంటే ఇప్పుడే అడుక్కోమని బావతో అంది.

బావ ఆ గుండు మీద చెయ్యి వేసి మెల్లగా నిమిరాడు.

"ఇది మళ్లా జడకొచ్చేదాకా ఉంటే సాలు నాకు."

అక్క నవ్వు ఆగిపోయింది. ఆయన్ని ఏమీ అడగలేదు. నా వైపు తిరిగింది.

"యోగానందా, ఆ డాక్టరు ఏం సెప్పినాడు?"

చెప్పేశాను. అంతా విని, అక్క పైటకొంగు లాగి తలమీద కప్పుకుంది.