తువ్వాలు కింద కొన్న వినికిడి

ఆ రోజుల్లో నాకు రెండు విషయాల మీద తిరుగులేని నమ్మకం ఉండేది. అచ్చులో ఉన్న ప్రతి అక్షరమూ నిజమేనన్నది మొదటిది. నాకు చెవుడున్న సంగతి లోకానికి తెలియదన్నది రెండోది. మా వంశంలో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ణి కనుక మొదటి నమ్మకాన్ని పాఠకులు క్షమించగలరు. రెండోదానికి మాత్రం నా తెలివితేటల పట్ల నాకున్న గౌరవం తప్ప వేరే ఆధారం లేదు. చిన్నతనంలో చెవుల్లో చీము పట్టి, పసరు మందులతోనే కాలం గడిచిపోయి, పదేళ్ళు నిండేసరికి రెండు చెవులూ చెరి సగమే పనిచేయసాగాయి. ఆ లోపం బయటపడకూడదని బడిలో ఎప్పుడూ ముందు బెంచీలో కూర్చునేవాణ్ణి. మాస్టారి పెదవుల మీది నుంచి చూపు తిప్పేవాణ్ణి కాదు. దాన్ని అందరూ శ్రద్ధ అనుకున్నారు. (నాకు వచ్చిన మొదటి ర్యాంకుల్లో సగం వాటా న్యాయంగా నా చెవుడికే చెందాలి.)

గణితంలో ఎమ్మెస్సీ పూర్తి చేసి, నరసరావుపేటలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో అధ్యాపకుడిగా చేరాక గాని అసలు చిక్కు తెలిసిరాలేదు. తరగతి గదిలో వెనక బెంచీకి అందరికన్నా దూరంగా ఉండేది బోర్డు దగ్గర నిలబడిన పంతులే! ప్రశ్నలన్నీ పుట్టేదేమో అక్కడే. వెనక ఎవరి పెదవులైనా కదిలితే చాలు, నేను గంభీరంగా తల పంకించి, "మంచి ప్రశ్న. రేపు వివరంగా చూద్దాం" అనేవాణ్ణి. ఒకసారి ఒక కుర్రవాడు మంచినీళ్ళు తాగి వస్తానని అడిగితే కూడా అదే సమాధానం చెప్పానట. వాడు ఆ పూటంతా దాహంతోనే కూర్చున్నాడని చాలా కాలం తరువాత తెలిసింది. ఇలా ఎన్నాళ్ళు సాగుతుంది? ఉద్యోగం ఏడాది పాటు పరీక్షార్థమే. ఏడాది చివర ప్రిన్సిపాల్ గారు స్వయంగా వచ్చి, వెనక బెంచీలో కూర్చుని, పాఠం విని, ప్రశ్నలు అడిగి, ఉంచాలో పంపాలో తేలుస్తారు. పంపితే మా ఊరు తిరిగి వెళ్ళి, ఎద్దుల సంతల్లో బేరాలు కుదిర్చే మా నాన్న పక్కన, ఎమ్మెస్సీ పట్టాతో సహా నిలబడాలి. వినికిడి యంత్రం కొనుక్కోవడం తప్ప మార్గం లేదని తేలింది.

కాలేజీవారు మాకు ఒక ఇన్సూరెన్సు కార్డు, దానితోపాటు చిన్న పుస్తకమూ ఇచ్చారు. ఆ పుస్తకాన్ని నేను స్కేలు, ఎర్ర పెన్సిలు దగ్గర పెట్టుకొని ఆమూలాగ్రం చదివాను. చెల్లించని ఖర్చుల జాబితాలో కళ్ళజోళ్ళు, కట్టుడు పళ్ళు, చేతికర్రలు, వినికిడి యంత్రాలు ఒకే వాక్యంలో కుదురుగా కూర్చుని ఉన్నాయి. అచ్చులో ఉన్నది నిజమే అయినా, ఏదో మినహాయింపు ఉండకపోదని ఆశ. అడగాలంటే ఫోను చేయాలి. చెవుడు గురించి ఫోనులో అడగడానికి చెవులు కావాలి గదా! ఆదివారం ఇంటికి వెళ్ళి, నాన్న చేతికి ఫోనిచ్చాను. (ఇంట్లోవాళ్ళు లోకం కిందికి రారన్నది నా సిద్ధాంతం.) నాన్న ఫోను చెవికి ఆనించుకొని, విన్న ముక్కనల్లా నా వైపు తిరిగి చెప్పసాగాడు.

"ఆస్పత్రిలో చేరితేనే ఇస్తారంటరా. ఒక రోజన్నా మంచం మీద పడుకోవాలంట." మళ్ళీ ఫోనులోకి తిరిగి, "అమ్మాయ్, మావోడికి పన్జెయ్యంది చెవులమ్మా. కాళ్ళు బానే ఉన్నయ్. మంచమెందుకు ఆడికి?" అన్నాడు. అవతలి అమ్మాయి ఏం చెప్పిందో, చాలాసేపు విని ఫోను పెట్టేశాడు. "మిషనుకి పైసా రాదంట. చెవులు పరీక్ష చేసినందుకు మాత్రం కొంచెం ఇస్తారంట. ఇదేం ఇదిరా? ఎద్దుకి రోగముందని చెప్పినోడికి డబ్బులిస్తారు, మందుకేమో ఇయ్యరు!"

ఆ కొంచెం కూడా, తరువాత పరీక్ష చేయించుకున్నాక, నాలుగు ఉత్తరాలు, రెండు జిరాక్సు కట్టలు మింగి గాని రాలేదు. వచ్చిన సొమ్ముతో యంత్రాన్ని దాచుకునే డబ్బా కొనుక్కోవచ్చునట.

ఇక నా సొంత తెలివి మీద ఆధారపడ్డాను. ఫోనులో వెతికితే, అతి చవకలో జత యంత్రాలు కనిపించాయి. అసలు ధర కొట్టేసి పక్కన సగానికి సగం ధర వేశారు. దాని కింద, కొన్నవాళ్ళందరూ మెచ్చుకున్నారు. అంతా అచ్చులోనే ఉంది! నాన్నకు చెప్పకుండా తెప్పించి, క్షవరం మానేసి పెంచుకున్న జుట్టు కింద వాటిని తగిలించుకొని తరగతికి వెళ్ళాను. ఫ్యాను హోరు, సుద్దముక్క కీచు, కిటికీ అవతల ఆటో, అన్నీ ఒకేసారి చెవిలో దూరాయి. అంతలో సన్నగా ఒక ఈల. నా జీవితంలో వెనక బెంచీ నుంచి నేను స్పష్టంగా విన్న మొదటి శబ్దమది. ఆనందాన్ని అణచుకొని, "ఎవరది? నాకు వినిపించదనుకున్నారా?" అని గర్జించాను. (ఆ వాక్యం కోసం నెలల తరబడి ఎదురు చూశాను.) వెనక ఉన్న పొడుగు కుర్రవాణ్ణి నిలబెట్టాను, ఈల ఆగలేదు. వాడి పక్కవాణ్ణి నిలబెట్టాను; ఆగలేదు. ఆ వరుస మొత్తం లేచి నిలబడ్డాక, విసిగి బోర్డు వైపు నడిస్తే ఈల కూడా నా వెంటే బోర్డు దాకా వచ్చింది. అప్పుడు ముందు బెంచీ అమ్మాయి ఎంతో మర్యాదగా లేచి, "ఏమనుకోమాకండి సార్... అది మీ చెవిలోనించి వస్తంది" అంది. అది ఫోనుకు సంబంధించిన పరికరమని బుకాయించి, తీసి జేబులో వేసుకున్నాను. మళ్ళీ తరగతిలో దాన్ని తగిలించుకోలేదు.

సంగతి తెలిసిన నాన్నకు కోపం వచ్చింది. చెప్పకుండా కొన్నందుకు కాదు, చూడకుండా కొన్నందుకు.

"పళ్ళు చూశావా? నడక చూశావా? కాడి కట్టి చూశావా? నలభయ్యేళ్ళు సంతలో బతికినోడి కొడుకువి, ఫోటో చూసి ఎద్దును కొన్నావంట్రా! ఎవరికన్నా చెప్పేవు, నా పరువు పోద్ది" అన్నాడు. మరునాడే తలపాగా చుట్టి, తువ్వాలు భుజాన వేసుకొని నాతో నరసరావుపేట బస్సెక్కాడు.

ఆసుపత్రుల వీధిలో చెవి మిషన్ల దుకాణం అది. గల్లా దగ్గర శెట్టిగారు, లోపలి అద్దాల గదిలో చెవులు పరీక్షించే అమ్మాయి ఉన్నారు. నేను పద్నాలుగు గడుల పట్టిక ఒకటి తయారుచేసుకొని వెళ్ళాను. పరీక్ష అయ్యాక శెట్టిగారు అన్నిటికన్నా ఖరీదైనది తీసి, అది ఫోను మాట్లాడుతుందని, పాటలు పాడుతుందని, జుట్టు రంగులో కలిసిపోతుందని వర్ణించారు. నేను గడులు నింపుతూ పోయాను. నాన్న అంతా విని, "అయ్యా శెట్టిగారూ, మావోడు పాటలినడు. ఆడు గదిలో నిలబడితే వెనకాల కూర్చున్న పిల్లోడి మాట ఆడికి అందాల. అంతే పని. దున్నే ఎద్దుకి పట్టు కుచ్చులు దేనికండీ?" అన్నాడు.

అద్దాల గది అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోయింది. "పెద్దాయన చెప్పింది కరెక్టే. నిరుటి మోడలు చాలు. ఈ సార్ చెవికి తగ్గట్టు సెట్టింగు కుదరాలి గానీ, అది కుదరకపోతే లక్ష పోసినా ఈలే" అని, లోపలి అర నుంచి ఒక జత తెచ్చి, కంప్యూటరుకు తగిలించి, నా పరీక్ష కాగితం చూస్తూ సరిచేసింది. నా పట్టిక వైపు చూసుకున్నాను. పద్నాలుగు గడులున్నాయి గాని, 'వెనక బెంచీ' అన్న గడి లేదు.

"మూడు రోజులు కాడి కట్టి చూస్తాం" అన్నాడు నాన్న. డబ్బు కట్టకుండా సరుకు గడప దాటదన్నారు శెట్టిగారు. నాన్న నా సంచిలోంచి ఫైలు లాగాడు. (ఎప్పుడు ఏ అవసరం పడుతుందోనని ఒరిజినల్స్ వెంటపెట్టుకొని తిరిగేవాణ్ణి.) "ఇదుగో, మావోడి పట్టా. దీని కోసం రెండెకరాలు అమ్మినా. ఉంచుకోండి." శెట్టిగారు పట్టాను పైనుంచి కింది దాకా చదివి, డ్రాయరులో పెట్టి తాళం వేశారు. మా వంశంలో మొట్టమొదటి పట్టా ఆ విధంగా తాకట్టుకు వెళ్ళింది.

కాడి కట్టడం సంతలోనే జరిగింది. నాన్న నన్ను ఎద్దుల మధ్య నిలబెట్టి, వెనక్కి తిరగవద్దని ఆజ్ఞాపించి, ఇరవై అడుగులు వెనక్కి వెళ్ళి అంకెలు చెప్పసాగాడు. విన్న అంకెను నేను వేళ్ళతో చూపించాలి. తోటి బేరగాళ్ళందరూ పోగయ్యారు. నేను తొమ్మిది చూపించినప్పుడు చప్పట్లు కూడా కొట్టారు. ఎమ్మెస్సీ గణితం చదివి, అంకెలు గుర్తుపట్టినందుకు చప్పట్లు అందుకున్న ఘనత నాది. ఆ సందడిలో ఒక గంట మోతకూ ఇంకో గంట మోతకూ తేడా మొదటిసారి తెలుస్తూ ఉండగా, వెనక ఎవరో చిన్నగా అన్న మాట కూడా చెవిన పడింది. నాన్న జతగాడు, నేను బాబాయి అని పిలిచే ఆయన గొంతు అది.

"అమ్మయ్య! పదైదేళ్ళబట్టీ ఈడితో మాట్టాడాలంటే చుట్టూ తిరిగి ఎదురుగ్గా రాలేక చచ్చాంరా. ఇంక యెనకమాల నించే పిలవచ్చు."

ఊళ్ళో పెద్దలు నాతో ఒక్క మాట చెప్పడానికైనా ఎదురుగా వచ్చి నిలబడేవారు. అది చదువుకున్నవాడికి ఇచ్చే గౌరవమని ఆ క్షణం దాకా అనుకుంటున్నాను.

మూడో రోజున బేరానికి వెళ్ళాం. గల్లా వెనక 'ఒకే ధర' అని బోర్డు ఉంది. నాన్నకు చదువు రాదు కనుక అది అడ్డం కాలేదు. తువ్వాలు తీసి కుడిచేతి మీద కప్పి, చెయ్యి ముందుకు చాచాడు. సంతలో ధర నోటితో చెప్పరు. తువ్వాలు చాటున ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అంత. శెట్టిగారికి ఇది తెలియదు. పెద్దాయన కరచాలనం చేస్తున్నాడనుకొని, ఆప్యాయంగా తువ్వాలు కిందికి చెయ్యి పోనిచ్చి, ఐదు వేళ్ళూ కలిపి పట్టుకొని ఊపారు.

"ఐదు వేళ్ళూ పట్టారు. ఐదు వేలు. బేరం తెగింది! లెగరా అబ్బాయ్" అన్నాడు నాన్న.

శెట్టిగారు చెయ్యి వెనక్కి లాక్కున్నారు. "అయ్యయ్యో, నేను ఏదో మర్యాదకి పట్టుకున్నానండీ!" అన్నారు. పరీక్షకు వచ్చి బెంచీ మీద కూర్చున్నవాళ్ళు పగలబడి నవ్వారు. నాన్న కూడా నవ్వి, ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకొని, "తెలవనోడి చేతిలో బేరం తెగ్గొడితే నా నలభయ్యేళ్ళూ బూడిదలో పోసినట్టే. ఇటు రండి, నేర్పిస్తా" అన్నాడు. ఏ వేలికి ఎంతో, సగాన్ని ఎలా చెప్పాలో నేర్పించాడు. ఆ తరువాత అసలు బేరం పావుగంట సాగింది. తువ్వాలు కింద చేతులు కదులుతున్నాయి గాని, పైన ఇద్దరి మొహాలూ దుర్గి రాతి బొమ్మల్లా ఉన్నాయి. చివరికి శెట్టిగారు "దుకాణంలో ఇంత సరదాగా ఎప్పుడూ నష్టపోలేదు" అంటూ లేచి, నా పట్టా తిరిగి ఇచ్చారు. రెండేళ్ళ పాటు సెట్టింగు ఉచితమని రాసి కూడా ఇచ్చారు. ఎంతకు తెగిందని అడిగితే, "తువ్వాల కింద మాట బయటేసేది కాదు. నీ దగ్గరున్నది ఇయ్యి, మిగతాది నే జూసుకుంటా" అన్నాడు నాన్న. మిగతాది ఎంతో నాకు ఈనాటికీ తెలియదు.

వారం తిరక్కుండానే ప్రిన్సిపాల్ గారు వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. కొత్త యంత్రాలు జుట్టు కింద బుద్ధిగా ఉన్నాయి. పాఠం సాఫీగా సాగుతోంది. పొడుగు కుర్రవాడు లేచాడు. "సా...ర్! ఆ...రో... లె...క్క...లో..." అని దండోరా వేసినట్టు అరిచాడు. ఆ మాట నా చెవిలో పిడుగులా పడేసరికి బల్ల పట్టుకొని నిలదొక్కుకున్నాను. వెంటనే ఇంకొకడు, తరువాత ఇద్దరమ్మాయిలు, ఒకరికన్నా ఒకరు బిగ్గరగా, ఒక్కొక్క అక్షరం విడగొట్టి అడగసాగారు. ప్రిన్సిపాల్ గారు రెండు చెవులూ మూసుకొని లేచి నిలబడ్డారు.

"ఏమిటీ కేకలు? ఎవరు మొదలుపెట్టారు?"

పొడుగు కుర్రవాడు తల వంచుకొని, "నేనే సార్. నా గొంతే అంత సార్" అన్నాడు. అప్పటికి నాకు అర్థమైంది. ఈల నాటి నుంచే వాళ్ళకు అంతా తెలుసు. ఈ రోజు నా ఉద్యోగం తేలుతుందనీ తెలుసు. నేను ఊరుకుంటే నా రహస్యమూ ఉద్యోగమూ రెండూ దక్కుతాయి. వాడికి మాత్రం శిక్ష పడుతుంది. జుట్టు పక్కకు తీసి చెవి చూపించాను.

"వాళ్ళ తప్పు లేదండీ. నాకు చెవుడు. వినిపించాలని నా కోసం అరుస్తున్నారు. యంత్రం పెట్టుకున్న సంగతి నేనే వాళ్ళకు చెప్పలేదు."

ప్రిన్సిపాల్ గారు తిరిగి కూర్చుని, చాలా మామూలు గొంతుతో, "ఇప్పుడు నేను అంటున్నది వినిపిస్తోందా?" అన్నారు.

"వినిపిస్తోందండీ."

"అయితే నా ప్రశ్నకు సమాధానం చెప్పండి" అని ఒక లెక్క అడిగారు. కంగారులో నేను బోర్డు మీద ఒక గుర్తు తప్పు వేశాను. ముందు బెంచీ అమ్మాయి పెదవులు కదిలీ కదలకుండా "మైనస్ సార్" అంది. నేను బోర్డు వైపు తిరిగే ఉన్నాను. అయినా విన్నాను, దిద్దుకున్నాను. ప్రిన్సిపాల్ గారు కాగితం మీద ఏదో రాసుకొని వెళ్ళిపోయారు.

ఉద్యోగం ఖాయమైన ఉత్తరం చేతికి అందిన రోజు, నా బతుకులో మొదటిసారి ఎవరి సాయమూ లేకుండా నాన్నకు ఫోను చేశాను. సంగతి చెప్పగానే ఆయన వేసిన కేకకు ఫోను దూరంగా పెట్టుకోవలసి వచ్చింది. "నాన్నా, మెల్లగా మాట్లాడు. ఇప్పుడు నాకు వినపడుతుంది" అన్నాను, ఎంతో ఘనంగా. ఆయన మునుపటంత గట్టిగానే, "నీతో మెల్లగా ఎట్టా మాట్టాడాల్నో నాకు తెలవదురా!" అన్నాడు.

అప్పటి నుంచి రెండు జతల యంత్రాలు మార్చాను. ఇప్పటివి ఫోను కూడా మాట్లాడతాయి. నాన్న మాత్రం ఇప్పటికీ అరుస్తూనే ఉంటాడు. ఆ నాటి ఘనత వహించిన కుర్ర అధ్యాపకుడైతే, అంత గట్టిగా మాట్లాడనవసరం లేదని మర్యాదపూర్వకంగా వివరించి ఉండేవాడు. నేను మాత్రం తెర మీద ఆయన పేరు కనబడగానే శబ్దాన్ని రెండు మెట్లు తగ్గించుకొని, హాయిగా అరవనిస్తాను.