పెద్ద అయివారి ముక్కు, నా ఖాకీ అట్టలు

ఆ రోజుల్లో మా వైపు ఒకడు ఉద్యోగం చేస్తున్నాడంటే వాడి చేతిలో బెత్తమైనా ఉండాలి, సంతకం పెట్టే అధికారమైనా ఉండాలి. ఈ రెండూ లేని ఉద్యోగం నాకు దొరికింది. బోగోలుకి తూర్పున, సముద్రం ఒడ్డునున్న ఒక ఊరి హైస్కూల్లో లైబ్రేరియన్‌ని. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. సంగం దగ్గర వరి పండించుకునే మా నాన్నకి ఈ సంగతి చెబితే ఆయన చాలాసేపు ఆలోచించి, "పుస్తకాలకి కాపలా ఉండేదానికి జీతమా? అవి యాడికి పోతాయిరా?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అర్థంకాక అడిగాడు. నాకూ పెద్దగా తెలియదు గాని, మూడు నెలల లైబ్రరీ కోర్సు చదివి వచ్చిన పొగరులో, ఆ ఊరి చదువంతా నా తాళంచెవితోనే తెరుచుకుంటుందని గట్టిగా నమ్మేశాను. (ఆ తాళం గట్టిగా లాగితే చెవి లేకుండానే ఊడొచ్చేదని తర్వాత తెలిసింది.)

నేను చేరింది చలికాలంలో, చదువుల సంవత్సరం సగం గడిచాక. అందుకే బడి తెరిచే జూన్ నెల కోసం పెళ్లికొడుకులా ఎదురుచూశాను. లైబ్రరీ అంటే రెండు చెక్క బీరువాలు, ఒక బల్ల, పైన పెంకుల కప్పు. అంతకుముందు దాన్ని చూసుకున్నది తెలుగు పండితుడు. ఊరంతా ఆయన్ని పెద్ద అయివారనేవాళ్లు. భార్య పోయి చాలా ఏళ్లయింది, పిల్లలు లేరు, బడి వెనక ఒక గదిలో ఉండి స్వయంగా వండుకునేవారు. ఇంటింటికీ తిరిగి అడుక్కొచ్చి మరీ ఆ పుస్తకాలు కూడబెట్టారు. ఒకదానికీ నంబరు లేదు. ఒక వరసా లేదు. అయినా ఎవరేమడిగినా ఆయన బీరువా ముందు నిలబడి, చేత్తో అట్టలు నిమిరి, ఒక పుస్తకం లాగి, ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా వాసన చూసి, "ఇదే, తీసుకో" అని ఇచ్చేవారు. ఎప్పుడూ తప్పేది కాదు. అది పండితుల ముచ్చట కాబోలు, మామిడిపండు కోసే ముందు వాసన చూసినట్టు, అనుకున్నాను. ఆయన్ని చూసి నేనూ కొన్నాళ్లు పుస్తకాలు వాసన చూశాను. తుమ్ములు తప్ప ఏమీ రాలేదు.

వేసవి సెలవులకి అందరూ ఇళ్లకి పోయారు. పెద్ద అయివారు కూడా తన చెల్లెలి ఊరికి వెళ్లారు. నేను మాత్రం కదల్లేదు. వైశాఖంలో ఎవరూ అనుకోని వాయుగుండం ఒకటి వచ్చి, రెండు రోజులు గాలీ వానా కలిసి ఊరిని ఊపేశాయి. మూడోరోజు తలుపు తీసి చూస్తే నాలుగు పెంకులు లేచిపోయి, బీరువాల్లోకి నీళ్లు దిగి, పుస్తకాలన్నీ నానబెట్టిన పప్పులా ఉబ్బిపోయి ఉన్నాయి. బడి ఆవరణలో ఎండబెడదామంటే ఊరి మేకలు మంచి ఆకలి మీద ఉన్నాయి. ఒక లెక్కల పుస్తకం అట్ట అప్పటికే ఒక మేక కడుపులో పడింది. నేను తల పట్టుకుని కూర్చుంటే, రోజూ అటుగా ఎండుచేపల గంప మోసుకుపోయే అక్క చూసి ఆగింది. తుఫానుకి పడవలు కదల్లేదు, చేపలు ఎండబెట్టే దిబ్బ ఖాళీగా ఉంది, చాపలు కూడా పరిచే ఉన్నాయి, అక్కడికి తెచ్చుకోమంది. కాకులూ మేకలూ రాకుండా తోలడం తమకి పుట్టుకతో వచ్చిన పని అని కూడా చెప్పింది.

నిజంగా అక్కా, ఆ దిబ్బ మీది ఆడవాళ్లూ చేసినంత సేవ ఏ లైబ్రరీకీ ఎవరూ చేసి ఉండరు. పొద్దున్నే పుస్తకాలన్నీ తాటాకు చాపల మీద విప్పి పరిచేవాళ్లు. ఒక పక్క ఎండగానే రెండో పక్కకి తిప్పేవాళ్లు. చేప తిప్పినంత నేర్పుగా, పేజీ చిరగకుండా. "పుస్తకాల సామీ, ఇది ఇంకా పచ్చిగానే ఉండాది, రేప్పొద్దున దాకా ఉండనీ" అని అక్క ఒక నిఘంటువుని వేళ్లతో నొక్కి చూసి తీర్పు చెప్పేది. వారం తిరిగేసరికి అన్నీ గలగలలాడేలా ఎండాయి. నా మట్టుకు నేను గెలిచినట్టే. నేను అద్దెకున్న గది చేపల వీధి పక్కనే కావడం వల్ల, ఆ చాపల వాసన పుస్తకాలకి ఎంత బాగా పట్టిందో నా ముక్కుకి తెలియనే లేదు. ఆ ఊళ్లో ఆరు నెలలుంటే ఆ వాసన గాలిలో కలిసిపోతుంది.

అట్టలు మాత్రం మరకలు పడి, రంగులు కలిసిపోయి చూడలేనట్టున్నాయి. దానికి నా కోర్సులో మందు ఉంది. కావలి వెళ్లి ఖాకీ కాగితం కట్టలు తెచ్చాను. మైదా ఉడకబెట్టి, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపి, జిగురు చేశాను. బడి తెరిచే లోపల ఒక్క పుస్తకం మిగలకుండా అట్టలు వేసి, అంచులన్నీ కత్తెరతో సమంగా కత్తిరించి, వీపు మీద నల్లసిరాతో నంబరు వేశాను. బీరువాలో నిలబెట్టి దూరం నుంచి చూస్తే పోలీసు పెరేడులా ఉంది. తృప్తి తీరక తలుపు మూసి మళ్లీ తెరిచి చూసుకునేవాణ్ణి. పెద్ద అయివారు వచ్చి చూస్తారు, ఆశ్చర్యపోతారు, భుజం తడతారు అని ఎన్నిసార్లు ఊహించుకున్నానో చెబితే నవ్వుతారు. ఆయన ఏమంటారో, దానికి నేను వినయంగా ఏమనాలో కూడా తయారుచేసుకున్నాను.

మా బడిలో ఒక ఆనవాయితీ ఉండేది. కొత్తగా ఆరో తరగతిలో చేరిన పిలకాయలని మొదటిరోజు లైబ్రరీ వరండాలో కూర్చోబెట్టేవాళ్లు. పెద్ద అయివారు బీరువాలోంచి తనకి నచ్చిన పద్యాల పుస్తకం ఒకటి తీసి, ఒక పద్యం చదివితే పిల్లలందరూ వెనక చెప్పాలి. అదయ్యాకే బడి మొదలైనట్టు. ఆ పొద్దున నేను గంజిపెట్టిన తెల్లచొక్కా తొడుక్కుని, బీరువా తలుపులు బార్లా తీసి, పక్కన నిలబడ్డాను. మొదట వచ్చినవి రెండు పిల్లులు. గడప దగ్గర కూర్చుని ఎంతో భక్తిగా బీరువా వైపు చూడసాగాయి. వాటిని తోలేలోపే పెద్ద అయివారు వచ్చారు. గడప దాటగానే ఉత్తరీయం ముక్కుకి అడ్డం పెట్టుకుని, లైబ్రరీని చేపలకేమైనా అద్దెకిచ్చారా అని నెమ్మదిగా అడిగారు. పుట్టి బుద్ధెరిగి ఉల్లిపాయ కూడా ముట్టని మనిషి. నేను వాయుగుండం సంగతి, దిబ్బ సంగతి గడగడా చెప్పేసి, అసలు ఘనత అట్టల్లో ఉందని చూపించాను.

ఆయన బీరువా ముందుకెళ్లి నిలబడ్డారు. ఒక పుస్తకం తీసి నిమిరారు, వాసన చూశారు, పెట్టేశారు. ఇంకొకటి తీశారు. దాన్నీ పెట్టేశారు. చివరిదాకా అలాగే వేళ్లతో తడుముకుంటూ పోయి, మళ్లీ మొదటికొచ్చారు. పొగడడానికి మాటలు వెతుక్కుంటున్నారని నేను చిరునవ్వుతో కాచుకుని ఉన్నాను. అప్పుడు ఆయన నా వైపు తిరిగి, "నాయనా, నా పుస్తకాలు యాడ పెట్టినావు?" అన్నారు.

"మీ ముందరే ఉండాయి గదా అయివారూ" అన్నాను నవ్వుతూ. ఆ నవ్వు సగంలో ఉండగానే నాకు అర్థమైంది. ఆయన చూపు నా ముఖం మీద లేదు. నా చెవి పక్కన గోడ మీద ఉంది. అన్ని నెలలు పక్కపక్కన కూర్చున్నాను, ఒక్కరోజూ గమనించలేదు. ఆయన నా నవ్వు తెగడం విని, చెయ్యి చాచి నా భుజం వెతికి పట్టుకున్నారు. చూపు పోయి రెండేళ్లయిందట. వెలుతురూ నీడా తప్ప ఏమీ ఆనదట. పాఠాలన్నీ నోటికే వచ్చు గనక ఎవరికీ తెలియకుండా నెట్టుకొస్తున్నారు. చిరిగిన మూల, చెదలు తిన్న అంచు, ఎవరింట్లోనో దేవుడి గదిలో ఉన్నప్పటి కర్పూరం వాసన, ఇవే ఆయనకి గుర్తులు. నేను అన్నిటికీ ఒకే చొక్కా తొడిగేశాను. ఇంకా రెండేళ్ల సర్వీసు ఉంది, అది జరిగిపోతే చాలు అన్నారాయన. "పిలకాయల గొంతు వినకుండా నేను ఉండలేను అబ్బయ్యా. హెడ్మాస్టరికి తెలిస్తే ఇంటికి పంపించేస్తాడు. నాకు ఇల్లు యాడుండాది?"

ఇంతలో గంట కొట్టారు. పిల్లలు వచ్చి వరండాలో కూర్చున్నారు. నేను గబగబా నంబరు వెతికి పద్యాల పుస్తకం ఆయన చేతిలో పెట్టాను. ముందూ వెనకా ఒకేలా ఉన్న ఖాకీ అట్ట. కంగారులో దాన్ని తలకిందులుగా ఇచ్చానని నాకూ తెలియదు, ఆయనకీ తెలియలేదు. ఆయన పుస్తకం తెరిచి, కంచు మోగినట్టు పద్యం ఎత్తుకున్నారు. పిల్లలు నోళ్లు తెరుచుకుని విన్నారు. రెండో పాదం దగ్గర ముందు వరసలో ఒక చిన్నవాడు లేచి, "అయివారూ, పుస్తకం తిరగేసి పట్టుకున్నారు" అన్నాడు. నేను పుస్తకం సరిచెయ్యబోయి ఆగాను. పెద్ద అయివారు మాత్రం తొణకలేదు. "చదవను వచ్చినోడికి ఎట్ట పట్టుకున్నా ఒకటేరా. నీకు రాదు గాబట్టి నువ్వు తిన్నగా పట్టుకో" అన్నారు. వరండా అంతా ఒకటే నవ్వులు. ఆ చిన్నవాడు కూడా నవ్వాడు. నేనూ నవ్వాను, ఏడుపు ఆపుకోడానికి అంతకన్నా మంచి దారి కనపడక.

నవ్వులు విని హెడ్మాస్టరు గారొచ్చారు. ఆయనా ఒకప్పుడు పెద్ద అయివారి దగ్గర చదువుకున్నవాడే. నవ్వుతూనే పుస్తకం అందుకుని, వేరే పేజీ తీసి, ఈ పద్యం కూడా చదవండి అయివారూ, నాకు చాలా ఇష్టం అని చేతిలో పెట్టాడు. పెద్ద అయివారు పేజీ మీద వేలు పెట్టి ఊరుకున్నారు. ఏ పద్యమో తెలిస్తే గదా చదివేది! హెడ్మాస్టరు గారి ముఖంలో నవ్వు మెల్లగా ఆరిపోవడం నేను చూశాను. ఎండెక్కుతోంది, ఇవాళ్టికి ఒక్కటి చాలులెండి అని అందరినీ తరగతికి పంపేశాడు. మధ్యాహ్నం నన్ను తన గదికి పిలిచి, తెలిసీ తెలియనట్టు ఉండడం తనవల్ల కాదనీ, పరీక్ష పేపర్లు ఇన్నాళ్లూ ఎలా దిద్దారో ఎవరైనా అడిగితే ఆయన పరువే పోతుందనీ చెప్పి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తుడిచినంతసేపూ తల ఎత్తలేదు. ఎవరూ పొమ్మనకముందే పెద్ద అయివారే, నెలాఖరుకి ఉద్యోగం మానుకుంటానని కబురు పంపారు.

నాకు మనసు ఒప్పుకోలేదు. కూర్చుని ఖాకీ అట్టలన్నీ చింపేశాను. వేసేటప్పుడు పట్టినంత ఓపిక తీసేటప్పుడు పట్టలేదు. కొన్నింటి పాత అట్టలు కూడా జిగురుతో ఊడొచ్చాయి. (మైలుతుత్తం కలిపిన జిగురు అంత గట్టిదని కోర్సులో చెప్పలేదు.) పాత గుర్తులు తిరిగొస్తే ఆయనా ఉండిపోతారని నా పిచ్చి ఆశ. ఆయన్ని పిలుచుకొచ్చి బీరువా ముందు నిలబెట్టాను. రెండు మూడు పుస్తకాలు ముక్కు దగ్గర పెట్టుకుని, ఇన్నాళ్ల తర్వాత మొదటిసారి పకపకా నవ్వారు. "మంచిపనే చేసినావు నాయనా. అన్నిటినీ ఒకే కులం చేసేసినావు" అన్నారు. ఆయనతోపాటు నేనూ నవ్వాను గాని, ఆయన వెళ్లిపోవడం ఖాయమని నాకు అప్పుడే తెలిసింది.

ఆ నెలంతా సాయంత్రం బడి వదిలాక నేను చదివేవాణ్ణి, ఆయన వినేవారు. చదవడం అనకూడదేమో, తిట్లు తినడం అనాలి. ఒక్క అక్షరం నలిగినా, ఊపిరి తప్పు చోట తీసుకున్నా, "ఆగు, వెనక్కి పో" అనేవారు. ఆ తిట్లు నాకు ఎంతో ధైర్యంగా ఉండేవి. తప్పు పట్టుకుంటున్నంతసేపు ఆయన మా అయివారే, ఎక్కడికీ పోలేదు. చివరిరోజు పెట్టె కట్టుకుని, చెల్లెలి ఊరి బస్సుకి ఇంకా టైముందని లైబ్రరీలో కూర్చున్నారు. నేను చదువుతూ కావాలనే ఒక పద్యం మొత్తం దాటేశాను. ఆయన "ఆగు" అంటారని చూశాను. అనలేదు. ఇంకో పద్యం చదివాను. కళ్లు మూసుకుని వింటూనే ఉన్నారు.

నాకు భయమేసి, "అయివారూ, ఒక పద్యం దాటేసినాను" అన్నాను.

"తెలుసు నాయనా."

"మరి చెప్పలేదే?"

"రేపట్నించి నేను పక్కన ఉండను గదా. మీరు ఎట్ట చదివితే అదే పాఠం. అలవాటు చేసుకుంటుండా" అన్నారు.

అప్పుడు ఏడ్చాను. ఆయనకి కనపడదన్న ధైర్యంతో, చొక్కా చేతులు తడిసేలా ఏడ్చాను. ఆయన నా వైపు తిరిగి, పుస్తకం తడవకుండా చూసుకో, మళ్లీ దిబ్బ మీదికి మోయలేవు అన్నారు.

ఆ తర్వాత ఎన్నో బళ్లలో, ఎన్నో జూన్ నెలల్లో బీరువాలు తెరిచాను. ఇప్పుడు నా కళ్లకీ మందులు పడుతున్నాయి, పెద్దక్షరాలు తప్ప ఆనవు. అయినా బడులు తెరిచే రోజున కళ్లు మూసుకుంటే, గంజి చొక్కా తొడుక్కున్న ఒక కుర్రవాడు ఖాకీ పుస్తకాల పక్కన నిటారుగా నిలబడి, ఇప్పుడే పెద్ద అయివారు వచ్చి భుజం తడతారని గడప వైపు చూస్తుంటాడు. వాడి ముఖంలో ఆ సంతోషం చూస్తే నాకు నవ్వొస్తుంది. లోపలికి వెళ్లి విషయం చెప్పబుద్ధి కాదు. ఇంకాసేపు నిలబడనిస్తాను.