జాలరిపేట ఒడ్డున ఎర్నీ మావ

ఫైబర్ పడవలకు అతుకు వేసే రెజిన్ డబ్బా మూత తీయగానే వచ్చే ఘాటు చాలామందికి తలనొప్పి తెప్పిస్తుంది. ఈ ఉదయం జాలరిపేట ఒడ్డున, పగిలిన పడవ పక్కన కూర్చుని మూత తీశాను. ఎప్పటిలాగే ఆ వాసనతో పాటు ఒక మనిషి గుర్తుకొచ్చాడు. పొట్టిగా, ఎండకు కమిలిన మెడతో, పళ్ళ మధ్య పెన్సిలు పెట్టుకుని, నవ్వినా అది జారిపోకుండా నవ్వే ఎర్నీ మావ. ఆయనది ఫిలిప్పీన్స్. మా ఊళ్ళో గట్టిగా ఏడు వారాలు ఉన్నాడేమో. పడవలు బాగుచేసే ఈ పని నా చేతిలో పెట్టింది ఆయనే.

ఆ పెద్ద తుఫాను నగరాన్ని ఊడ్చేసిన ఏడాది నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్నాను. మా నాన్న ఫైబర్ పడవను గాలి ఎత్తి రాళ్ళ మీద పడేసింది. ఒక పక్కంతా మనిషి దూరేంత పగిలిపోయింది. నాన్న దాని దగ్గరకు వెళ్ళడమే మానేశాడు. మధురవాడలో ఏదో అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్ కావాలన్నారట, వచ్చే నెల నుంచి చేరిపోతానన్నాడు. పదమూడో ఏట నుంచి సముద్రం మీదే బతికిన మనిషి ఆ మాట నా మొహంలోకి చూడకుండా, గోడకేసి చూస్తూ చెప్పాడు.

అదే తుఫానులో దెబ్బతిన్న ఒక విదేశీ ఓడ మరమ్మతు కోసం రేవులో ఆగిపోయింది. ఎర్నీ మావ, అసలు పేరు ఎర్నెస్టో, దాని మీద సారంగు, అంటే డెక్ మీద పనివాళ్ళకు పెద్ద. ఒడ్డుకు దిగే అనుమతి దొరికినప్పుడల్లా సముద్రం పక్కన తిరిగేవాడు. ఒక మధ్యాహ్నం మా పడవ చుట్టూ తిరుగుతూ వేళ్ళ కణుపులతో తట్టి చూస్తున్నాడు. గుమ్మంలోంచి నాన్న చూశాడు.

“ఎవుడే ఆడు? ఏటి సేత్తన్నాడు?”

నేను వెళ్ళి నాకొచ్చిన ఇంగ్లీషులో అడిగాను. “ఇది బాగవుతుంది,” అన్నాడాయన. వచ్చి నాన్నకు చెప్పాను.

“బాగవదని సెప్పు. ఎల్లిపొమ్మను.”

చెప్పాను. తలూపి, “రేపు,” అని వెళ్ళిపోయాడు. మర్నాడు ఒక సంచితో మళ్ళీ వచ్చాడు. అందులో రంపం బ్లేడ్లు, రుద్దడానికి ఉప్పుకాగితం, మధ్యాహ్నానికి రొట్టె ఉన్నాయి.

కరెంటు ఇంకా రాలేదు, అంతా చేత్తోనే చేయాలి. పగిలిన అంచును ఆయన కోసుకుంటూ పోతుంటే రంధ్రం ఇంకా పెద్దదవసాగింది. నాన్న ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చాడు.

“ఉన్నది కూడా కోసేత్తన్నాడేటే! ఆపమను!”

ఎర్నెస్టో ఆపాడు. నాన్న చెయ్యి పట్టుకుని కోసిన అంచు మీద పెట్టాడు. పైకి బాగానే కనిపిస్తున్నా లోపలి పొరలు విడిపోయి, నీళ్ళు తాగి మెత్తబడ్డాయి. “గట్టి చోటు తగిలేదాకా కోయాలి. అక్కడైతేనే కొత్తది అతుక్కుంటుంది,” అన్నాడు. నేను తెలుగులో చెప్పాను. నాన్న ఆ అంచును చాలాసేపు తడిమాడు. సంచిలోంచి ఇంకో బ్లేడు తీసుకుని ఎదుటివైపు కూర్చున్నాడు.

తర్వాత ఇద్దరూ కలిసి పూర్ణా మార్కెట్‌కు వెళ్ళి, ఒకరి మాట ఒకరికి అర్థం కాకుండానే దుకాణాలన్నీ వెతికి రెజిన్ తెచ్చారు. ఆ రోజు ఆయన మా ఇంట్లోనే భోజనం చేశాడు. చేపల పులుసు వడ్డిస్తూ నాన్న అడిగాడు, “మాకోసం ఇంత కట్టం ఎందుకు బావా?” నాన్న బావ అన్నాడు కాబట్టి ఆ పూట నుంచి నాకు ఆయన మావ అయ్యాడు.

“మా ఊరికీ తుఫాను వచ్చింది. నేనప్పుడు నడిసముద్రంలో ఉన్నాను,” అన్నాడు మావ. “అమ్మ పోయిందని ఎనిమిది రోజులకు తెలిసింది. నేను ఇల్లు చేరేసరికి ఎవరో ఆమెను పూడ్చిపెట్టారు. ఇంటికి పైకప్పు కూడా వేసి వెళ్ళారు. వాళ్ళెవరో నాకు ఇప్పటికీ తెలియదు.”

చివరి మాట తప్ప అంతా తెలుగులో చెప్పాను. నాన్నకు ఎంత అర్థమైందో తెలియదు. తన కంచంలోని పెద్ద ముక్క తీసి ఆయన కంచంలో వేశాడు.

పని చూస్తూ చూస్తూ నేనూ నేర్చుకున్నాను. మావ రాని ఒక రోజు నేనే అతుకు వేశాను. లోపల గాలి బుడగ మిగిలిందని తెలుసు. పైన ఇంకో పొర వేసి నున్నగా రుద్దేశాను. మర్నాడు ఆయన వరసగా తట్టుకుంటూ వచ్చి, డొల్ల చప్పుడు రాగానే అక్కడ ఆగాడు.

“ఇక్కడ ఎవరు కూర్చుంటారు?”

“నాన్న.”

బ్లేడు నా చేతికిచ్చాడు. పొద్దంతా ఏడుస్తూ గీకాను. సాయం చేయమంటే, “నేను చేస్తే అది నా అతుకవుతుంది పోలా,” అన్నాడు. నా పేరు పోలమ్మ అని పూర్తిగా పలకడం ఆయనకు వచ్చేది కాదు. కానీ అక్కణ్ణించి కదల్లేదు, ఎండ నా మీద పడకుండా గొడుగు పట్టుకుని పక్కనే నిలబడ్డాడు.

పడవ సిద్ధమయ్యాక నాన్న ఆయన తల్లి పేరు అడిగాడు. ముందుభాగాన గంగమ్మ తల్లి పేరు కింద నీలం రంగుతో ‘రోసా’ అని తెలుగులో రాయించాడు. “ఇందులో మా అమ్మ ఎక్కడుంది?” అన్నాడు మావ. చూపించాను. ఆ రెండక్షరాల మీద రెండు వేళ్ళు ఆనించాడు. రంగు ఇంకా ఆరలేదు. ఆ రంగు వేళ్ళతోనే, తుడుచుకోకుండా, ఓడకు వెళ్ళిపోయాడు. మూడు రోజుల తర్వాత ఓడ కదిలింది. నాన్న మధురవాడ వెళ్ళలేదు.

ఏళ్ళ తరబడి ఫోనులో మాట్లాడుకుంటూనే ఉన్నాం. రెండేళ్ళ క్రితం మావ జబ్బుచేసి పోయాడని ఆయన కూతురు లీనా చెప్పింది. ఆ మరుసటి ఏడాది వాళ్ళ దీవిని మళ్ళీ తుఫాను కొట్టింది. ఒడ్డున పగిలి పడున్న పడవల ఫొటో పంపింది లీనా. నాన్న దాన్ని దగ్గరగా పెట్టుకుని చూశాడు.

“నువ్వెల్తావేటి?”

“పాస్‌పోర్టు లేదు నాన్నా.”

“అయితే తీయించు.”

పాస్‌పోర్టు వచ్చాక వెళ్ళి, అక్కడ నెల రోజులు పడవలు బాగుచేస్తూ ఉన్నాను. వాళ్ళ భాషలో నాకు నాలుగు మాటలే వచ్చాయి: నీళ్ళు, అన్నం, మెల్లగా, రేపు. సాయంత్రం సామాను సర్దుకుని లేస్తుంటే పడవ యజమానుల కళ్ళలో బెదురు కనిపించేది. ఈ పరాయి మనిషి సగం కోసి వదిలేసి పోతుందేమోనని. నేను “రేపు” అనేదాన్ని. వాళ్ళు నమ్మేవాళ్ళు కాదు. అయినా తెల్లారి నేను వెళ్ళేసరికి నా కోసం నీళ్ళు పెట్టుకుని ఎదురుచూస్తూ ఉండేవాళ్ళు. ఎర్నీ మావ దగ్గర నేర్చుకున్నదాంట్లో నాకు అన్నిటికన్నా కష్టమైంది, ఇప్పటికీ వదలనిది అదే: రేపు అన్నాక వెళ్ళడం.