తాతయ్య కారు తిరగని మలుపు

ఇరవై రెండేళ్ల వయసులో ఎవరైనా "ఇది నీకొచ్చా?" అని అడిగితే "రాదండీ" అనడం నాకు చేతనయ్యేది కాదు. బందరులో పాలిటెక్నిక్ గట్టెక్కి, గుడివాడలో ఒక కార్ల షెడ్డులో చేరి అప్పటికి మూడు నెలలు. (అందులో రెండు నెలలు స్పానర్లు తుడిచాను. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు.) అంతటి మేధావి చేతిలో మా తాతయ్య తన కారు పెట్టారు. అది మా నాన్న కంటే వయసులో పెద్దది. అక్క పెళ్లి నాగాయలంకలో, పెళ్లికొడుకు వాళ్ల చర్చిలో. "మీ అక్కను నేనే ఈ కారు నడుపుకుంటూ తీసుకెళ్లి చర్చి మెట్ల దగ్గర దింపాలిరా అబ్బాయ్. ఇంకేం అక్కర్లేదు నాకు" అన్నారు తాతయ్య.

పాత సైజు టైర్లు దొరక్క కాస్త వెడల్పువి వేశాను. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే అవి మడ్‌గార్డుకు బర్రుబర్రున రాసుకుంటున్నాయి. చక్రం పక్కకి ఎంతవరకు తిరగాలో అక్కడ ఆపడానికి ఇటొకటి అటొకటి స్టాపర్ బోల్టులుంటాయి. వాటిని కొంచెం బయటికి తిప్పితే చక్రం ముందే ఆగిపోతుంది, రాపిడి ఉండదు. "ఒక్క చుట్టు చాలబ్బాయ్" అన్నాడు షెడ్డు నడిపే మావయ్య. నేను వింటేగా! జనం ఎక్కితే బండి కిందికి దిగుతుంది కదా అని బియ్యం బస్తాలు ఎక్కించి చూశాను. తాతయ్యకు ఒకటి, అక్కకు ఒకటి, చిన్నత్తయ్యకు ఒకటిన్నర, పెద్దత్తయ్యకు రెండు. (పెద్దత్తయ్యకు ఈ లెక్క ఇవాళ్టికీ తెలియదు.) ఒక్క చుట్టుకి టైరు తగిలీ తగలనట్టుంది. ఎందుకొచ్చిన గొడవని నాలుగు చుట్లు తిప్పేశాను. బంటుమిల్లి రోడ్డు మీద పరీక్షించి, లారీలు తిరిగే పెట్రోలు బంకులో దర్జాగా వెనక్కి తిప్పుకొచ్చాను. చప్పుడు లేదు.

పెళ్లి రోజు అవనిగడ్డ దాటేదాకా రాజాలా వెళ్లాం. చర్చికి వెళ్లాలంటే కాలవ గట్టు మీంచి చిన్న వంతెన మీదికి కుడివైపు తిరగాలి. తాతయ్య స్టీరింగ్ తిప్పారు. టక్! సగంలో ఆగింది. ఎదురుగా వంతెన గోడ. వెనక్కి తీసి మళ్లీ తిప్పారు. టక్! మూడోసారీ అంతే. వెనక రొయ్యల లారీ ఒకటే హారను.

"ఏం చేశావురా దీన్ని?"

"సేఫ్టీ కోసం, తాతయ్యా..."

"ఎవరి సేఫ్టీరా నాయనా, కాలవలో చేపలదా?" అంది వెనక సీట్లోంచి పెద్దత్తయ్య.

బోల్టు వెనక్కి తిప్పుదామంటే స్పానరేదీ? పూలబుట్టకు చోటు చాలడం లేదని టూల్ బ్యాగు నేనే ఇంట్లో దింపేశాను. తాతయ్య స్టీరింగ్ మీంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. ఆయన తిట్టినా బాగుండేది. నాకు అప్పుడే కాలవలో దూకాలనిపించింది.

అక్క తెల్లచీర కుచ్చిళ్లు పట్టుకుని వెనక సీట్లోంచి దిగింది. ముందుకొచ్చి తాతయ్య వైపు తలుపు తీసింది. "దా తాతయ్యా, నడుద్దాం. చర్చి అదిగో, కనపడుతోంది. నా చెయ్యి పట్టుకో."

ఇద్దరూ వంతెన మీద మెల్లగా నడిచారు. లారీ డ్రైవరు హారను మానేసి ఇంజను ఆపాడు. చర్చి మెట్ల మీద పాస్టరు గారు ఎదురొచ్చి "వందనాలండీ" అంటే, అక్క చెయ్యి వదలకుండానే తలూపారు తాతయ్య.

మర్నాడు మావయ్య నన్ను నానా చీవాట్లూ పెట్టి, మూడు చుట్లు వెనక్కి తిప్పించాడు. ఇప్పుడు తాతయ్య లేరు. బందరులో నా షెడ్డులో ఆ కారుంది, ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. అక్క వచ్చినప్పుడల్లా దాని ముందు సీటు మీద చెయ్యేసి ఒకటే మాట అంటుంది.

"ఒరేయ్, నువ్వు ఆ బోల్టు సరిగ్గా బిగించి ఉంటే, ఆ రోజు చర్చి మెట్ల దాకా నేను వెనక కూర్చుని తాతయ్య వీపే చూసేదాన్ని."

నాలుగు చుట్లు తిప్పిన ఆ ఇరవై రెండేళ్ల మేధావి గుర్తొస్తే నవ్వొస్తుంది. వాణ్ణి తిట్టబుద్ధి కాదు.