గులాబీరంగు గళ్ల కాగితం

మూడేళ్ల క్రితం నోయిడాలో మా అక్క పెళ్లి. చర్చి మెట్లు దిగే జంటపై చల్లడానికి గులాబీ రేకులు పొట్లాలు కట్టే పని నాది. కొన్న రంగు కాగితం చాలలేదు. నాన్న బీరువాలో గులాబీరంగు గళ్ల కాగితాలు దొరికాయి. నర్సుగా పనిచేసే అమ్మ తెచ్చిన చిత్తుకాగితాలు అనుకుని వాటినీ చుట్టేశాను.

అందరూ రేకులు చల్లుతుంటే అమ్మ మాత్రం తన పొట్లం విప్పి, ఆ కాగితాన్నే చూస్తూ ఉండిపోయింది.

“ఏమండీ, ఈ ఈసీజీ మీదేనా?” అంది.

“పెళ్లయ్యాక చెబుదామనుకున్నానే,” అన్నారు నాన్న.

“అయిపోయిందిగా పెళ్లి. పదండి ఆస్పత్రికి.”

స్టెంట్ వేశారు. నాన్న ఇప్పుడు బాగున్నారు. అడక్కుండా బీరువా తెరిచినందుకు నన్నెవరూ తిట్టలేదు. ఆల్బంలో రేకులు చల్లేటప్పటి ఫొటో ఉంది. అందరి చేతులూ గాల్లో ఉన్నాయి. అమ్మ చెయ్యి నాన్న నాడి మీద ఉంది.