దయ అన్న మాట తీసెయ్యండి

మా జిల్లా జడ్జిగా పనిచేసి రిటైరైన సారు మొన్న నిర్మల్‌లో, సొంతింట్లో కన్నుమూశారు. కబురు తెలిసిన పూటే కరీంనగర్ కోర్టు క్యాంటీన్‌లో ఒకాయన చాయ్ ఊదుకుంటూ అన్నాడు: "గాయన్నేనా? పసిపిల్లను సంపినోనికి ఉరి ఎయ్యని జడ్జి!"

అవును, ఆయనే. ఆ కేసులో సర్కారు వకీలును నేను. ఉరి అడిగింది నేనే. రేపు అలాంటి కేసొస్తే మళ్లీ అడుగుతాను. అయినా సారును మెతకమనిషి అంటే మాత్రం ఊరుకోను.

చంపింది పరాయివాడు కాదు, ఆ పాప సొంత చిన్నాయన. అన్న మీద కోపం ఆరేళ్ల పిల్ల మీద తీర్చుకున్నాడు. నేరం రుజువైన రోజే ఉరి చెప్తారని జనం గేటు దగ్గర గుమిగూడారు. సారు చెప్పలేదు. వాడు ఎలా పెరిగాడు, జైల్లో ఎలా ఉంటున్నాడు, మనసు సరిగ్గా ఉందా, అన్నీ రాసి పంపమని జైలు అధికారులను అడిగారు. సాగదీస్తున్నాడని జనం తిట్టారు. "తిట్టనియ్యుండ్రి. ఆల్లకు తొందరున్నది, నాకు లేదు" అన్నారు సారు.

శిక్ష గురించి ఏమైనా చెప్పుకుంటావా అంటే మా దగ్గర ముద్దాయిలందరిదీ ఒకటే మాట: "మీ దయ సారూ." వాడూ అదే అన్నాడు. టైపిస్టు అలవాటుగా 'దయ చూపమని కోరాడు' అని టైపు చేసింది.

"దయ అన్న మాట తీసెయ్యమ్మా" అన్నారు సారు. వాడి వైపు తిరిగి, "దయ గుళ్లె అడుగు. ఈడ కారణం చెప్పు" అన్నారు.

తీర్పు రోజు, మరమగ్గాల షెడ్డులో నూలు కండెలు చుట్టే ఆ పాప తల్లిని ముందు వరసలో కూర్చోబెట్టించారు. ఇంగ్లీషులో రాసిన తీర్పును ఆమె కోసం తెలుగులో చెప్పారు. నమ్మి చెయ్యి పట్టుకున్న పిల్ల, ఎదిరించలేని వయసు: ఇవి ఉరి వైపు. వాడికి ఇరవై రెండేళ్లు, పాత కేసుల్లేవు, ఇక మారడని సర్కారు రుజువు చెయ్యలేకపోయింది: ఇవి ఉరి వద్దనే వైపు. యావజ్జీవం.

ఆమె లేచింది. "నా బిడ్డకు గంతేనా సారూ? నేనొప్పుకోను!"

పోలీసులు కూర్చోబెట్టబోతే సారు వద్దన్నారు. "ఒప్పుకోకు తల్లీ. పైకోర్టుకు పొమ్మని గీ వకీలుసాబును అడుగు." వేలు నా వైపే. సర్కారు తరఫున అప్పీలుకు వెళ్లాం. అదింకా తేలలేదు.

నిన్న సంతాప సభకు ముందు మిత్రులు, "గా కేసు ముచ్చట తియ్యకు, మంచోడని నాలుగు మాటలు చాలు" అన్నారు. నేను ఆ ముచ్చటే మాట్లాడాను. సగం మంది మొహాలు మాడ్చుకున్నారు. మాడ్చుకోనీ.

సాయంత్రం ఆ తల్లికి ఫోన్ చేసి, సారు పోయారని చెప్పాను.

"ఆయన చేసింది తప్పే. ఇయ్యాల్టికి గూడ ఒప్పుకోను" అంది. "గని నా మొకం జూసి చెప్పిండు. ఇంకెవ్వలూ నా మొకం జూడలే" అంది.

అవతల మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి. ఇద్దరం ఫోన్ పెట్టెయ్యలేదు.